నా పసంద్ పాటలు, భాయీజాన్ ఖామోషీ

నుస్రత్ ఫతే అలీఖాన్ సాబ్ ఆల్బమ్‌లలో ఏది బాగుంటుందని అడిగితే కుర్రాళ్లంతా 'మస్త్ మస్త్' పేరే చెప్తారు. 1990లో మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసింది. గిటారు, బేసు, వాటి మీద తేలే ఖాన్‌సాబ్ సర్‌గమ్. మజాగానే ఉంటుంది, కానీ నాకు కడుపు నిండదు. ఖవ్వాలీ హలీమ్ లాంటిది. ఒకటే దేగ్, ఒకటే కర్ర, దంచుతూనే ఉండాలి. ఒకే మిస్రాని పదిసార్లు తిప్పుతారు, మధ్యలో ఇంకో షాయర్ షేర్ తెచ్చి గిరహ్ కడతారు, మళ్లీ అదే మిస్రా మీద దిగుతారు. మొదటిసారి అందని మానీ ఆ పదోసారికి అందుతుంది. అయిదారు నిమిషాల ముక్కలో ఇదెక్కడ కుదురుతుంది? ఇరవై నిమిషాలు దాటి సాగే ఆయన మెహఫిల్ రికార్డింగులు వినండి, తేడా మీకే తెలుస్తుంది. అయినా మా ఇంటి ఇయర్‌ఫోన్ పిల్లలు ఆ మెహఫిళ్ల దాకా వచ్చింది 'మస్త్ మస్త్' దర్వాజాలోంచే. ఆ మాట దాచకూడదు.

గజల్ దగ్గర అబ్బాకీ నాకూ కుదిరేది కాదు. అబ్బాకి మెహదీ హసన్, నాకు జగ్జీత్ సింగ్. 1976లో జగ్జీత్, చిత్రా కలిసి పాడిన 'ది అన్‌ఫర్గెటబుల్స్' పెడితే, "గజల్‌ని మరీ ఆసాన్ చేసేశాడ్రా" అనేవాడు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు అయిన మాలాంటోళ్లకి ఒక్కో లఫ్జ్ విడదీసి చెవిలో పెట్టింది ఆయనే కదా అని నా వాదన. లతాజీతో చేసిన 'సజ్దా'ని అందరూ తెగ పొగుడుతారు. నాకది ఇస్త్రీ చేసిన షేర్వానీలా ఉంటుంది. నలగదు, వదులవదు. 1990లో కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయాక చిత్రా పాడడం ఆపేశారు. ఆ ముందరి పాటల్లో ఆమె గొంతు వింటుంటే నాకు ఆ ఖామోషీ కూడా కలిసి వినపడుతుంది.

భాయీజాన్ ఇది చదివితే ఏమంటాడో నాకు తెలుసు. నలభై రోజులు జమాత్‌లో తిరిగొచ్చాక తన క్యాసెట్ల డబ్బా మొత్తం ఎవరికో ఇచ్చేశాడు. ఆ అరలో ఇప్పుడు తఫ్సీర్ కితాబులున్నాయి. నేను బహస్ చేయను. సాజ్ విషయంలో ఉలమాల్లోనే ఇఖ్తిలాఫ్ ఉంది, నేనెంత? అయినా ఒకసారి షేక్ చినమౌలానా సాబ్ సంగతి ఎత్తాను. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకున్న నాదస్వర ఉస్తాద్. నాదస్వరంలో మాట లేదు, కాబట్టి తప్పు మాటా లేదు. కానీ ఉన్నదంతా సాజే, కాబట్టి భాయీజాన్ హిసాబ్‌లో అంతా తప్పే. ఇద్దరం నవ్వుకున్నాం.

వాళ్లింటి పిల్లల ఫోన్లలో మాహెర్ జైన్ 'థాంక్యూ అల్లాహ్' మోగుతుంటుంది, అదీ సాజ్ లేకుండా దరువూ గొంతులతోనే చేసిన రకం. ఆ గొంతుల్ని ఎంత దట్టంగా పేర్చారంటే కీబోర్డేనేమో అనిపిస్తుంది! నాకైతే మీలాద్ రాత్రి అమ్మీ, ఖాలాలు కూచుని, ఒకరి సుర్ ఒకరికి కలవకుండా చదివే నాతే ఇష్టం.

ఇక యూసుఫ్ ఇస్లాం. క్యాట్ స్టీవెన్స్‌గా దునియా అంతా మశ్హూర్ అయినవాడు 1977లో ఇస్లాం కబూల్ చేశాడు. 1978లో ఆ పేరుతో ఆఖరి ఆల్బమ్. తర్వాత గిటార్లు అమ్మేసి ఆ డబ్బు ఖైరాత్‌కి ఇచ్చేశాడు. 1995లో 'ది లైఫ్ ఆఫ్ ది లాస్ట్ ప్రాఫెట్' తెచ్చాడు. అందులో సీరత్ చెప్పడమే ఎక్కువ. ఆ ఒక్క క్యాసెట్ భాయీజాన్ ఇంట్లో మిగిలింది. ఆ తర్వాత కొడుకు ఇంటికి గిటారు తెచ్చాడు. దాన్ని మళ్లీ పట్టుకున్న తండ్రి 2006లో 'యాన్ అదర్ కప్' తెచ్చాడు. పాటకి పాట తూస్తే 1970 నాటి 'టీ ఫర్ ది టిల్లర్‌మన్' ముందు ఇది తేలిపోతుంది. అయినా నేను ఎక్కువ వినేది దీన్నే. గొంతులో బరువుంది, తొందర లేదు. అందులో 'డోంట్ లెట్ మి బి మిసండర్‌స్టుడ్' అని వేరేవాళ్ల పాత పాట ఒకటి పాడాడు. ఎందుకు ఆపావని అడిగినవాళ్లకీ, ఎందుకు మొదలెట్టావని అడిగినవాళ్లకీ కలిపి చెప్తున్నట్టే ఉంటుంది నాకు.

మా చిన్నది కీబోర్డు నేర్చుకుంటానంది. కొన్నాం. ఎవరి ద్వారానో తెలిస్తే బాగుండదని భాయీజాన్‌కి నేనే ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అజాన్ టైముకి ఆపించు" అన్నాడు. ఇంకాసేపాగి, "బక్రీద్‌కి మేమొచ్చినప్పుడు ముందు గదిలో పెట్టకురా" అన్నాడు. సరే అన్నాను గానీ, మాకున్నదే రెండు గదులు. ఒకదాంట్లో అమ్మీ పడుకుంటుంది.