అద్దంకిలో ఆగితే... కారు కింద ఓ చూపు!

హోటలు ముందు కారు ఆగుతుంది. ఇంటిల్లిపాదీ దిగి టిఫిన్లు కానిచ్చి, పిల్లలకు నీళ్ళసీసాలు నింపుకుని మళ్ళీ ఎక్కబోతారు. వచ్చినప్పుడు పొడిగా ఉన్న నేలమీద ఇప్పుడో తడిమరక! ఏసీ నీళ్ళేలే అని బయల్దేరాలా? మెకానిక్ కోసం వెతకాలా? ఆ రెండు నిమిషాల్లో తీసుకునే నిర్ణయంమీదే మిగతా ప్రయాణమంతా ఆధారపడి ఉంటుంది.

అద్దంకి ఎక్కడుందని హైదరాబాద్‌లో కారు నడిపేవాళ్ళను అడిగితే చాలామంది ముందు రోడ్డు పేరే చెబుతారు... అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు! నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవేని వదిలేసి నల్గొండ, మిర్యాలగూడ దాటితే వాడపల్లి దగ్గర కృష్ణమ్మ. అక్కణ్నుంచి దాచేపల్లి, పిడుగురాళ్ళ, నరసరావుపేట, సంతమాగులూరు... మొత్తం 210 కిలోమీటర్ల పైచిలుకు. అద్దంకి దాటి కాస్త ముందుకెళ్తే మేదరమెట్ల దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి కలుస్తుంది. విజయవాడ వెళ్ళకుండానే ఒంగోలు, నెల్లూరు, తిరుపతి, చెన్నై చేరడానికి ఇదే దగ్గరి దారి. అందుకే సంక్రాంతికీ వేసవి సెలవులకూ ఈ రోడ్డు నిండా కుటుంబాలే.

హైదరాబాద్‌లో తెల్లవారుజామున బయల్దేరిన కారు అద్దంకి చేరేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. ఫిబ్రవరి దాటిందంటే దారికి అటూ ఇటూ కల్లాల్లో ఎర్రగా ఎండుతున్న మిరపకాయలు, గుంటూరు యార్డుకెళ్ళే టిక్కీల లారీలు. ఆ ఎండలో నాలుగైదు గంటలు ఆగకుండా తిరిగిన ఇంజిన్‌లో ఏ పైపు బలహీనంగా ఉన్నా, ఏ క్లిప్పు వదులైనా బయటపడేది కారు ఆగాకే. ఇంజిన్ ఆపేయగానే వేడి వెంటనే తగ్గదు. లోపల తిరిగే నీళ్ళు నిలిచిపోవడంతో కాసేపు ఇంకా పెరుగుతుంది. రేడియేటర్లో ఒత్తిడి అలాగే ఉంటుంది. దాంతో పరుగులో కనిపించని చుక్క, ఆగాక నేలమీద పడుతుంది.

రాత చదవడం ఈ ఊరికి కొత్త కాదు. క్రీ.శ. 848 నాటిదని చెప్పే పండరంగడి శాసనం దొరికింది అద్దంకిలోనే. తరువోజ ఛందస్సులో ఉన్న పద్యం అది. తెలుగు పద్యం రాతికెక్కిన తొలినాళ్ళకు సాక్ష్యం. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి రాజధానిగా చేసుకున్నదీ, ఎర్రాప్రగడ ఆస్థానకవిగా ఉన్నదీ ఇక్కడే. రాతిమీద అక్షరాలు చదవాలంటే పండితులు కావాలి. కారు కింద మరక చదవడానికి మాత్రం కాస్త తీరికా, ఓ తెల్లకాగితం ముక్కా చాలు.

రంగు... వాసన... జిగురు!

మరకమీద కాగితం ముక్క అద్ది చూడాలి. మూడు సంగతులు గమనించాలి. రంగేమిటి, వాసనేమిటి, వేలికి జిడ్డుగా తగులుతోందా లేదా? కారు కింద ఏ చోట పడిందన్నది నాలుగోది.

రంగూ వాసనా లేని పలచటి నీళ్ళు ముందుభాగంలో, లోపల కూర్చున్నవాళ్ళ కాళ్ళ కిందుగా పడుతుంటే భయం లేదు. ఏసీ వేసినప్పుడు గాలిలోని తేమ నీరై బయటికి పోతుందంతే. కోస్తా ఉక్కలో ఇది ఇంకాస్త ఎక్కువ. ‘ఏం కాదులే అన్నా, ఏసీ నీళ్ళే... బండి తీయ్’ అని మెకానిక్ కుర్రాడు నవ్వేసేది ఈ మరకను చూసే.

పచ్చగానో, గులాబీ, నారింజ, నీలం రంగుల్లోనో ఉండి, కాస్త తియ్యటి వాసన వేస్తూ వేళ్ళకు జారుడుగా తగిలితే అది కూలెంట్. రేడియేటరు, దాని హోస్ పైపులు, వాటర్ పంపు... వీటిలో ఎక్కడో లీకు. కూలెంట్‌లో సాధారణంగా ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకే ప్రమాదముంది. పిల్లల్నీ అటు వెళ్ళనివ్వకూడదు. నేలమీద పడితే కడిగేయాలి.

తేనె రంగు నుంచి నలుపు దాకా ఏ రంగులో ఉన్నా, జిడ్డుగా ఉండి ఇంజిన్ కింద పడితే ఇంజిన్ ఆయిల్. కొత్తదైతే తేనెలా, పాతదైతే నల్లగా ఉంటుంది. డ్రెయిన్ నట్టు వాషరు, ఆయిల్ ఫిల్టరు, ప్యాకింగులు, ఆయిల్ సీళ్ళు... ముందు అనుమానించాల్సినవి ఇవే. పొలాల బాటలో రాయి తగిలి ఛాంబరు పగిలితే మాత్రం చుక్కలు కాదు, ధారే! చిక్కగా ఉండి గంధకం లాంటి ఘాటు వాసన వేస్తే గేరు ఆయిల్. ఎర్రగా పలచగా ఉంటే పవర్ స్టీరింగ్ ఆయిలో, ఆటోమేటిక్ గేర్ల ఆయిలో కావచ్చు. ఇప్పటి కార్లలో చాలావాటికి కరెంటుతో పనిచేసే స్టీరింగే కాబట్టి వాటిలో స్టీరింగ్ ఆయిల్ ఉండదు.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది, రంగు లేకుండానో లేత పసుపుగానో ఉండి, నీళ్ళలా పలచగా ఉన్నా నూనెలా జారే మరక. చక్రం లోపలివైపు కనిపించినా, బ్రేక్ పెడల్ దగ్గర తడి ఉన్నా అది బ్రేక్ ఆయిలే అనుకోవాలి. పెయింటు మీద పడితే రంగును తినేస్తుంది. పెట్రోలు, డీజిలు లీకుల సంగతి ముక్కే చెబుతుంది. పెట్రోలు ఇట్టే ఆరిపోయి మరక మిగలకపోవచ్చు, వాసనను మాత్రం నమ్మాలి.

నల్లరేగడిలో నల్లమరక

ఈ ప్రాంతంలో ఓ చిక్కుంది. పత్తి, మిరప పండే నేలంతా నల్లరేగడి. ఆ మట్టిమీద నల్లటి ఆయిల్ పడితే ఎవరికి కనిపిస్తుంది? ఊళ్ళో చుట్టాలింటికెళ్ళి వాకిట్లో రెండ్రోజులు పెట్టిన కారు ఎంత ఆయిల్ కార్చిందో తెలియకుండానే తిరుగు ప్రయాణం మొదలవుతుంది. పైగా పల్లెల్లో నిలిపిన కార్ల పైపులు, వైర్లు ఎలుకలు కొరికేస్తుంటాయి.

దీనికి చదివేసిన దినపత్రికే మందు. రాత్రి పడుకోబోయే ముందు ఇంజిన్ కింద నాలుగు కాగితాలు పరిచి, ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టాలి. ముందుచక్రాలు ఎక్కడున్నాయో కాగితంమీద గీత గీసుకోవాలి. పొద్దున చూస్తే చుక్క రంగూ, చోటూ రెండూ తెలుస్తాయి. ఆ కాగితాన్ని మెకానిక్‌కి చూపిస్తే సగం పని అయినట్టే.

అయితే చుక్క పడిన చోటే లీకు ఉందనుకోకూడదు. పైన కారిన ఆయిల్ ఇంజిన్ మీదుగా పాకి, గాలి తోపుకు వెనక్కెళ్ళి మరోచోట రాలుతుంది. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఎక్కడ తడిగా ఉందో అక్కడ వెతకాలి. తుడిచి, ఇంజిన్ కాసేపు నడిపి, మళ్ళీ చూస్తే అసలు చోటు దొరుకుతుంది.

ఒక్క చుక్కేగా అనిపిస్తుంది. లెక్క చూడండి! 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, 10 సెకన్లకో చుక్క చొప్పున గంటకు 18 మిల్లీలీటర్లు. రోజంతా అలాగే కారితే 430 మిల్లీలీటర్ల పైమాటే. చాలా కార్లలో ఆయిల్ గేజి కడ్డీమీద పైగీతకూ కిందిగీతకూ మధ్య తేడా లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ లెక్కన రెండు మూడు రోజుల్లో ఆయిల్ పైగీత నుంచి కిందిగీతకు దిగిపోతుంది.

వెళ్ళొచ్చా... ఆగాలా?

బ్రేక్ ఆయిల్ లీకైతే కారు కదపకూడదు. ఇందులో ‘మెల్లగా పోదాం’ అన్న మాటే లేదు. ఇప్పటి కార్లలో బ్రేకులకు రెండు విడి మార్గాలుంటాయి కాబట్టి ఒకటి పోయినా రెండోది కొంత పనిచేస్తుంది. అది కారును పక్కకు ఆపుకోవడానికే, ఒంగోలు దాకా వెళ్ళడానికి కాదు. బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతున్నా ఇదే మాట. నడుస్తుండగా బ్రేకు అందకపోతే పెడల్‌ను పదేపదే తొక్కుతూ, గేర్లు తగ్గిస్తూ, హ్యాండ్‌బ్రేకును కొద్దికొద్దిగా లాగుతూ పక్కకు తీయాలి. ఆ డబ్బాలో ఇంజిన్ ఆయిల్ పోయడం మరీ ప్రమాదం. లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి. డాట్-3, డాట్-4 అని మూతమీద ఏది రాసి ఉంటే అదే పోయాలి.

పెట్రోలు వాసన వస్తే ఇంజిన్ ఆపి, అందరూ దిగి దూరంగా నిలబడాలి. బీడీ, సిగరెట్, అగ్గిపుల్ల దరిదాపుల్లో ఉండకూడదు.

ఇంజిన్ ఆయిల్ అయితే చదునైన చోట కారు నిలిపి, ఇంజిన్ ఆపిన కొన్ని నిమిషాలకు గేజి కడ్డీ తీసి తుడిచి, మళ్ళీ ముంచి చూడాలి. రెండు గీతల మధ్య ఉండి, చుక్క చాలా నెమ్మదిగా పడుతుంటే, మధ్యమధ్యలో చూసుకుంటూ దగ్గర్లోని మెకానిక్ దాకా వెళ్ళొచ్చు. ఎదుట ఎర్రటి ఆయిల్ లైటు వెలిగిందా... ఆ క్షణమే ఆపేయాలి. ఆయిల్ లేకుండా తిరిగితే ఇంజిన్ పట్టేస్తుంది. వాషరుతో పోయేది వేల రూపాయల రిపేరు దాకా వస్తుంది.

కూలెంట్ తగ్గి వేడిముల్లు పైకెళ్తుంటే ఏసీ కట్టేసి, పక్కకు తీసి, ఇంజిన్ ఆపాలి. వేడిమీద రేడియేటరు మూత తీయడం పెద్ద పొరపాటు. ఒత్తిడి వల్ల లోపలి నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయి. కనీసం అరగంట ఆగి, పైపు చేత్తో పట్టుకునేంత చల్లారాకే తీయాలి. కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్ళు పోస్తే లోహం పగిలే ప్రమాదం ఉంది. చల్లారాక మంచినీళ్ళు పోసుకుని మెకానిక్ దాకా వెళ్ళొచ్చు, తర్వాత అసలు కూలెంట్ నింపించుకోవాలి.

దారి మధ్యలో ఎటూ తోచకపోతే 112, జాతీయ రహదారి మీదైతే 1033 నంబర్లున్నాయి.

పసుపూ సబ్బూ!

పాతతరం డ్రైవర్ల దగ్గర కొన్ని చిట్కాలున్నాయి. రేడియేటరు చిల్లుకు పసుపు పొడి, డీజిలు ట్యాంకు చిల్లుకు బట్టల సబ్బు, ఇంకాస్త పెద్దదైతే రెండు ముద్దలు కలిపి పూసే ఎం-సీల్. ఇవి ఊరు చేర్చే ఉపాయాలే తప్ప రిపేర్లు కావు. పసుపు చిల్లునే కాదు, రేడియేటర్లోని సన్నటి గొట్టాలనూ మూసేస్తుంది. ఊరు చేరాక శుభ్రం చేయించకపోతే అదే కొత్త రోగం.

షెడ్డులో అడగాల్సిన మాటలూ కొన్నున్నాయి. ‘బాబాయ్, లీకు ఎక్కడో చూపించి అప్పుడు విప్పు’ అనడంలో తప్పులేదు. తీసిన పాత వాషరు, సీలు చూపించమనాలి. పని అయ్యాక ఇంజిన్ పావుగంట నడిపి, కింద కాగితం పరిచి చూడాలి. తీసిన పాత ఆయిల్‌ను మురిక్కాలువలో పోయనివ్వకూడదు. చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థంగా లెక్కగడుతుంది. దాన్ని సేకరించి శుద్ధిచేసే సంస్థలకు చేర్చాలి. ఇక్కడి కాలువలో పోసింది చివరికి చేరేది గుండ్లకమ్మకే.

చిన్న చిల్లు ఏం చేస్తుందో ఆ గుండ్లకమ్మ తీరం వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. అద్దంకికి దిగువన మల్లవరం దగ్గర జలాశయంలో 2022 ఆగస్టులో ఒక గేటు, 2023 డిసెంబరులో మరో గేటు కొట్టుకుపోయాయి. నిల్వచేసుకున్న నీళ్ళు సముద్రం పాలయ్యాయి. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఏమిటో నదికైనా కారుకైనా ఒకటే లెక్క.

అద్దంకి వెళ్ళినవాళ్ళు భవనాశి చెరువు పక్కన సింగరకొండకూ వెళ్తారు. కొండమీద నరసింహస్వామినీ, కింద ప్రసన్నాంజనేయస్వామినీ చూసి వస్తారు. కొత్తబండికి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మనవాళ్ళ అలవాటు. నిమ్మకాయ పెట్టడానికి ఎలాగూ వంగాలి. వంగినప్పుడే చక్రం లోపలివైపూ, ఇంజిన్ కిందా ఓసారి చూసేయండి!