నిమ్మాకు మీద పిట్టరెట్ట

సీతాకోకచిలుకను చూసి ముచ్చటపడని వాళ్లుండరంటారు. అలా అనేవాళ్లు నిమ్మనారు పెంచి ఉండరు. గూడూరు వైపు నిమ్మను నమ్ముకుని బతికే ఇళ్లలో మాదీ ఒకటి. నల్లరెక్కల మీద లేత పసుపు మచ్చలతో, వెనక రెక్క లోపలి అంచున ఎర్రబొట్టుతో అది నారుమడి మీద తిరిగితే మా నాయన ముఖం మాడిపోతుంది.

1758లో లిన్నేయస్ దీనికి పాపిలియో డెమోలియస్ అని పేరు పెట్టాడు. దీని దగ్గరి చుట్టాల్లో చాలావాటికి వెనక రెక్కకు తోక ఉంటుంది, దీనికి ఉండదు. కరివేపాకు, మారేడు, వెలగ మీద కూడా పెరుగుతుంది కాబట్టి మీ పెరట్లోనూ దొరుకుతుంది.

సెలవుల్లో లేత చిగురు మీది గుడ్డొకటి ఆకుతో సహా తెచ్చి సీసాలో పెట్టాను. ఆవగింజంత, లేతపసుపు. మూడో రోజున పురుగు బయటికొచ్చి ముందు తన గుడ్డు పెంకునే తినేసింది. ఆ తర్వాతిదే అసలు తమాషా! గోధుమరంగు ఒంటి మీద తెల్లమచ్చలతో అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. పిట్ట కూడా రెట్టను తినదు కదా. నాలుగోసారి కుబుసం విడిచాక మాత్రం ఆకుపచ్చగా మారింది. పుల్లతో కదిపితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు చాపి ఘాటైన వాసన కొట్టింది.

"ఏందిరా, అన్నం పెట్టి దొంగను సాకుతుండావా?" అన్నాడు నాయన.

ఆయన కోపం న్యాయమైనదే. పెద్దచెట్టుకు నాలుగాకులు పోయినా లెక్కలేదు. జానెడు మొక్కకు ఉన్నవే పదాకులు. ఆకుపచ్చగా మారిన పురుగు ఒక్కటి చాలు, ఈనెలు మిగల్చడానికి.

నడుముకు పట్టుదారం కట్టుకుని పుల్లకు ఆనుకున్న ప్యూపా రెక్కలు విప్పింది గానీ, నాయనను కదిలించింది అది కాదు. ఇంకో సీసాలో పూర్తిగా నల్లబడిన గుడ్లు రెండు పెట్టాను. వాటిలోంచి పురుగులు రాలేదు, నలుసుల్లాంటి కందిరీగలొచ్చాయి. ట్రైకోగ్రామా అనే ఈ జీవులు సీతాకోకచిలుక గుడ్డులోనే తమ గుడ్డు పెడతాయి. మందు కొడితే ఇవీ పోతాయి. భూతద్దం ఇస్తే నాయన చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు.

మందు డబ్బా ఇంకా కొట్టంలోనే ఉంది. రెట్టలా కనిపించేవాటిని పొద్దున్నే ఇద్దరం చేత్తో ఏరుతున్నాం. నల్లగుడ్లున్న ఆకుల్ని ఆయన ముట్టుకోవడం లేదు.