లేత చిప్పలు

మా పాలకుర్తికి సముద్రం బహుదూరం. వరంగల్లు జిల్లాలో ఉన్నన్నాళ్లూ, 2016లో జనగామ జిల్లాలో చేరిన తరువాతా, మాకు జలమంటే చెరువే. కోస్తావారి పీత మాకు ఎండ్రకాయ. నిఘంటువులో అదే కర్కటకం. ఆల్చిప్పను మాత్రం పద్యాలలోనే ఎరుగుదుము. స్వాతివాన చినుకు చిప్పలో పడి ముత్యమవుతుందన్న కవిసమయాన్ని తరగతి గదిలో ఎన్నిసార్లు వివరించానో లెక్కలేదు. ఆ చిప్పకొక పరదేశి శత్రువు ఉన్నదనీ, దానివల్ల ఒక ప్రభుత్వమే అత్యవసర పరిస్థితి ప్రకటించిందనీ, సియాటిల్ దగ్గర మా అమ్మాయి ఇంట ఉన్న రోజులలో తెలిసింది.

ఆ శత్రువు ఐరోపా తీరపు పచ్చ ఎండ్రకాయ. డిప్ప వెడల్పు నాలుగంగుళాలకు మించదు. కన్నులకు ఇరువైపులా అయిదేసి ముళ్లుంటాయి. 1817 నాటికే అది అమెరికా తూర్పుతీరం చేరింది. 1989లో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో, 1998లో వాషింగ్టన్ రాష్ట్రంలో కనబడింది. అక్కడి విల్లపా అఖాతం ఆల్చిప్పల సాగుకు పేరెన్నికగన్నది. 2021లో లమ్మీ అనే ఆదిమజాతివారు తమ సముద్రపు చెరువొక్కదానిలోనే 70,000కు పైగా ఎండ్రకాయలను పట్టవలసి వచ్చింది. 2022 జనవరిలో గవర్నరు జే ఇన్‌స్లీ అత్యవసర ప్రకటన చేశారు.

నన్ను ఆలోచింపజేసినది ఆ సంఖ్య కాదు. ఈ ఎండ్రకాయ ముదురు ఆల్చిప్పల జోలికి అంతగా పోదు. ఆ డిప్పను పగులగొట్టే సత్తువ దాని కొండికి చాలదు. అది వెతికేది లేత చిప్పలను. పైకి చూస్తే పెద్దచిప్పలు పదిలంగానే ఉంటాయి, కాని వాటి వెనుక రావలసిన తరం ఉండదు. జీవితమంతా పిల్లల నడుమ గడిపినవాణ్ణి గనుక ఈ మాట నా మనసులో నాటుకున్నది.

మరి తూర్పుతీరపు చిప్పలు ఎట్లా నిలిచినవి? మస్సెల్ అనే నల్లచిప్పపై జరిగిన పరిశోధన ఒకటి 2006లో వెలువడింది. ఆసియానుంచి వచ్చిన మరో ఎండ్రకాయ 1988లో న్యూజెర్సీ తీరంలో కనబడింది. దానితో కలిసి బతికిన చోటి నల్లచిప్పలు నీటిలో దాని వాసన తగిలితే చాలు, డిప్పను మందం చేసుకొంటున్నవి. అది ఇంకా చేరని ఉత్తరతీరపు చిప్పలకు ఆ వాసన అర్థమే కాలేదు. పచ్చ ఎండ్రకాయ వాసనకు మాత్రం రెండు తావుల చిప్పలూ మేలుకొన్నవి, దానితో పరిచయం పాతది గనుక. చిప్పకు సైతం పగవాణ్ణి గుర్తించడం ఒక చదువే. కాని ఆ చదువు ముగిసేలోగా ఎన్ని తరాలు ఆహుతి కావాలో!

ఇది పరాయిదేశపు గోడు అనుకొనే వీలు మనకూ లేదు. అమెరికా ఖండపు వెచ్చని సముద్రాలకు చెందిన చారల చిప్పజాతి ఒకటి 1967లో మన విశాఖ రేవులో కనబడింది. అది ఎవరినీ తినదు. గుంపులుగా అతుక్కొని ఇతర జీవులకు చోటు లేకుండా చేస్తుంది. ఇక తినేదాని మాటకొస్తే, మన చెరువులకు ఆఫ్రికా క్యాట్‌ఫిష్ ఉన్నది. 2000లోనే దేశంలో దానిని నిషేధించినా, దొంగచాటు పెంపకం వార్తలు ఆగలేదు. వరదకు గట్టు తెగి అది చెరువులో పడితే, మన రాష్ట్రపు చేప అయిన కొర్రమీను పిల్లలకు గండమే.

ఎండ్రకాయ ఆకలి ఎండ్రకాయది. దానిమీద నాకు కోపం లేదు. సముద్రాన్ని అది తనంతట దాటలేదు. ఓడ నిలకడకై నింపుకొన్న నీటిలో దాని పిల్లలను మోసుకుపోయినది మనిషి. ఆ నీటిని శుద్ధి చేయకుండా పరాయి రేవులో వదలరాదన్న అంతర్జాతీయ ఒడంబడిక 2004లో కుదిరి, 2017లో గాని అమలులోకి రాలేదు. పదమూడేళ్లు! చిప్ప పగవాణ్ణి గుర్తించడం నేర్చుకోవడానికీ ఇంచుమించు అంతే కాలం పట్టింది. మనకు చూపు ఉన్నది, గ్రంథాలున్నవి, బడులున్నవి. చిప్పకంటె ముందుగా నేర్వవలసిన బాధ్యత మనదే.