సంత వెలుపలి బేరము

మన గ్రామములలో చదువుకొన్న పిల్లలు కొందరిప్పుడు పట్నము పోకుండగనే, ఇంటివద్ద కంప్యూటరు ముందు కూర్చుండి దూరదేశములవారికి పనిచేసి పెట్టుచున్నారు. అనువాదము, బొమ్మలు గీయుట, లెక్కల పట్టికలు నింపుట, ఇట్టివి. పని ఇచ్చువాడును చేయువాడును కలిసికొను బజారులు ఇంటర్నెట్టులో ఉన్నవి. అప్‌వర్క్, ఫైవర్ అనునవి వానిలో పేరుగలవి. ఇది మనకెందుకందురా? బిడ్డ మోసపోయిన నాడు అప్పుకు పరుగెత్తువారు తలిదండ్రులే గదా.

నా మేనకోడలు డిగ్రీ ముగించి రెండేండ్లుగా ఈ పని చేయుచున్నది. తల్లి గాజులు కుదువబెట్టి ల్యాప్‌టాపు కొన్నారు. గత చలికాలమున ఒక ఆసామి, ఒక పుస్తకమంతయు తెలుగు చేయుమని ఆమెను అడిగెను. ధర చాల మంచిది. అయితే రెండవ మాటలోనే, "ఈ బజారువారు నీ కష్టార్జితములో కోత కోయుదురు. వాట్సాప్‌లోనికి రమ్ము, సొమ్ము నేరుగా నీ బ్యాంకుకే పంపెదను" అని వ్రాసెను. ఆమె నాయొద్దకు వచ్చి, "మామయ్యా, దీనితో అమ్మ గాజులు విడిపించవచ్చును. ఏమి చేయమందురు?" అనెను.

ఆ కోత మాట అబద్ధము కాదు. ఫైవర్‌వారు పనివాని సంపాదనలో నూటికి 20 రూపాయలు తీసికొందురు. అది ఎక్కువేయని నేనును అందును. అయినను పశువుల సంతలో మనము ఆశీలు కట్టి రశీదు పుచ్చుకొనుట లేదా? ఆశీలు మిగులునని సంత వెలుపల చింతచెట్టు క్రింద ఎద్దును కొన్నవాడు, మరునాడు అసలు యజమాని వచ్చి పలుపు పట్టుకొన్నచో ఎవరిని సాక్ష్యమునకు పిలుచును?

అప్‌వర్క్‌లో మొత్తము పనికి ఒకే ధర కుదుర్చుకొన్నప్పుడు, పని ఇచ్చువాడు ఆ సొమ్మును ముందుగా మధ్యవర్తివద్ద జమకట్టవలెను. పని అప్పగించిన పిమ్మట 14 దినములు అతడు పలుకకున్నను సొమ్ము పనివానికి విడుదలయగును. జమ పడకముందు పని మొదలిడరాదు. మాటలన్నియు అచ్చటనే వ్రాతలో నిలుచును; తగవు వచ్చినప్పుడు అవే సాక్ష్యము. అచ్చట కలిసినవానితో రెండు సంవత్సరములవరకు, తగిన రుసుము కట్టిననే తప్ప, బయట సొమ్ము ఇచ్చిపుచ్చుకొనరాదు. మీరినవారి ఖాతా మూసివేయవచ్చును. దానితో ఏండ్లతరబడి సంపాదించిన మంచిపేరును పోవును.

"ఇక్కడనే జమకట్టుడి, ఈ రాత్రియే మొదలిడెదను" అని ఆమె చేత వ్రాయించితిని. జవాబు వెంటనే వచ్చెను: పేరు నమోదుకు ముందుగా 3,000 రూపాయలు పంపవలెనట, మొదటి జీతముతో తిరిగి ఇచ్చునట! కూలివాడు కూలి పుచ్చుకొనును గాని ఎదురు కట్నమిచ్చునా? ఆమె ఆ సంగతిని బజారువారికి ఫిర్యాదు చేసి, వానితో మాట మానుకొన్నది. గాజులింకను కుదువలోనే ఉన్నవి.

మోసము ఈ ఒక్క వేషముననే రాదు. మా వీధి కుర్రవానిని ఒకడు, "నీ ఖాతా నాకు అద్దెకిమ్ము, నెలనెల డబ్బిచ్చెదను" అని అడిగెను. అప్‌వర్క్‌లో మనిషికి ఒక్కటే ఖాతా, దానిని ఇతరులకియ్యరాదు. బ్యాంకు ఖాతాయైనచో మరియు ప్రమాదము. దొంగసొమ్ము దానిలో నడచినప్పుడు పోలీసులు ఖాతాదారుని ఇంటికే వత్తురు. హోటళ్లను మెచ్చుకొని వ్రాయుమని మొదట కొద్ది డబ్బిచ్చి, పిమ్మట వేలు కట్టుమనువారును కలరు. ఫారములు నింపించి, తప్పులున్నవని లాయరు నోటీసుతో బెదరించువారును కలరు. పరువునకు జడిసి అనేకులు చెల్లింతురు. ఫోనులో సొమ్ము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ను అక్కరలేదు. పిన్ను కొట్టుమనువాడు తీసికొనుటకే వచ్చినవాడు.

తలిదండ్రులారా, బిడ్డ వచ్చి సొమ్ము పోయినదని చెప్పినప్పుడు మొదట తిట్టకుడి. తిట్టుదురను భయముననే వారు రెండు మూడు దినములు దాచుదురు, అంతలో ఆ సొమ్ము నాలుగు ఖాతాలు దాటిపోవును. ఆ గడియలోనే 1930 అను సైబరు నేరముల సహాయ సంఖ్యకు ఫోను చేసి, బ్యాంకువారికిని తెలుపుడి. సొమ్ము పోయిన వేళ, లావాదేవీ సంఖ్య చేతనుంచుకొనుడి. వాడు పంపిన సందేశములు కోపముతో చెరిపివేయనియ్యకుడి. ఫిర్యాదు వ్రాయునప్పుడు పోలీసులు వానినే అడుగుదురు.