పాందాన్ అడుగున నాలుగు బిళ్ళలు

దాదీ పోయి నలభయ్యో రోజు ఫాతెహా అయిపోయింది. దేగులు కడిగి బోర్లించాక అమ్మీ అటక మీంచి పాందాన్ దించింది. సూరారంలో మా ఇంట్లో వెండీ లేదు, బంగారమూ లేదు. దాదీ వెనక మిగిలిన ఆస్తి ఆ రాగి పాందానే. పై తట్టలో ఎండిపోయిన సున్నం, కాచు, రెండు వక్కలు. తట్ట ఎత్తితే అడుగున నూనె గుడ్డ మూట. మూటలో నాలుగు బిళ్ళలు.

బిళ్ళ అన్నది మంచి మాట. తెలుగులో బిళ్ళ, మా ఇంట్లో బిల్లా. కచేరీల్లో పనిచేసే చిన్న నౌకరుని మీరు బిళ్ళబంట్రోతు అన్నారు, మేము చప్రాసీ అన్నాం. ఆ చప్రాసీలో ఉన్నదీ బిళ్ళే. పట్టీకి తగిలించుకునే ఇత్తడి బిళ్ళ పేరు చప్రాస్. మనిషి మొహం కంటే ముందు బిళ్ళని చూసే కాలం అది. మా మటుకు మాకు ఆ కాలం పోయిందని అనిపించదు.

మూట విప్పగానే మా చిన్నోడు వాటిలో ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసి మెల్లగా అడిగాడు: "ఇది రజాకార్లదా?"

ఎవరూ మాట్లాడలేదు. 2024లో రజాకార్ల మీద సినిమా ఒకటి వచ్చాక ఆ మాట పిల్లల నోళ్ళలో బాగా ఆడింది. తోటి పిల్లలు వీణ్ణి ఆ పేరుతో పిలిచారని మాకు తెలుసు. వాడు ఇంట్లో చెప్పలేదు. తుడుచుకున్నాడు, ఊరుకున్నాడు. ఇప్పుడు రుజువు దొరికినట్టు భయపడ్డాడు. అమ్మీ అయితే "తీసుకుపోయి చెరువులో పారేయండి" అంది.

పారేయలేదు. ముందు అదేంటో తెలుసుకోవాలనుకున్నాం.

వాడి చేతిలో ఉన్నది గుండ్రంగా ఉబ్బుగా ఉంది. మీద నిజాం దస్తార్ బొమ్మ. వెనక్కి తిప్పితే పిన్ను లేదు, కొక్కెం లేదు. చిన్న ఇత్తడి కడియం అతికి ఉంది, దారం దూర్చడానికి. అంటే అది బిళ్ళే కాదు, కోటు గుండీ. ఇంతకాలం ఇంట్లో అందరూ బిళ్ళ అనుకున్నది ఒక గుండీ! అప్పుడు అమ్మీకి గుర్తొచ్చింది. దాదీ తమ్ముడు నిజాం ఫౌజ్‌లో గుర్రాల దగ్గర సైసు. కత్తి పట్టినవాడు కాదు, దాణా పెట్టి లద్దె ఎత్తినవాడు. 1948 సెప్టెంబర్ 13న యూనియన్ సైన్యం లోపలికొచ్చింది. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. నిజాం సేనాని ఎల్ ఎడ్రూస్ జనరల్ చౌదరికి లొంగిపోయాడు. సైసు ఒంటిమీది కోటుతో అక్క ఇంటికొచ్చాడు. కోటుని దాదీ కత్తిరించి బొంతలో కలిపేసింది. గుండీ మిగిలింది.

మా చిన్నోడికి ఇంకో సంగతి కూడా చెప్పాం. ఢిల్లీలో తీన్ మూర్తి అని మూడు విగ్రహాలున్నాయి, 1922లో పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సూయజ్, పాలస్తీనా వైపు పోయిన మూడు సంస్థానాల రౌతులకి గుర్తు. మైసూరు, జోధ్‌పూర్, మూడోది హైదరాబాద్. ఆ మూడో విగ్రహం పక్కనుంచి రోజూ ఎంతమంది మంత్రులు పోతారో! దాన్ని ఎవరూ రజాకార్ అనరు. అది రాజధానిలో ఉంది, మా గుండీ సూరారంలో ఉంది. తేడా అంతేనా?

రెండోదే అసలుది. కోడిగుడ్డంత ఇత్తడి రేకు. రెండు చివర్లా పట్టీ దూరే చీలికలు. అంటే చొక్కాకి గుచ్చుకునేది కాదు, జబ్బకి కట్టుకునేది. మీద ఇంగ్లీషులో మూడక్షరాలు, ఎన్.ఎస్.ఆర్. కింద ఉర్దూ అంకెల్లో నంబరు. ఆ మూడక్షరాలే దాని వయసు చెప్పాయి. నిజాం రాజ్యంలో రైలు మొదట నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. అప్పటి బిళ్ళయితే మధ్యలో జి ఉండాలి. 1930లో సర్కారు దాన్ని కొనేసింది, జి పోయింది. 1951 నవంబర్ 5న సెంట్రల్ రైల్వేలో కలిపేశారు, ఎన్.ఎస్.ఆర్. అన్న పేరే పోయింది. కాబట్టి ఈ బిళ్ళ ఆ ఇరవై ఒక్క ఏళ్ళ లోపలిది. మా దాదా బొల్లారం స్టేషన్లో మూటలు మోసింది ఆ లోపలే.

దాదా నవాబు కాదు. మా ఇళ్ళల్లో నవాబులు ఉన్నారని మేము కూడా సినిమాల్లోనే చూశాం. చీకటితో లేచి సూరారం నుంచి బొల్లారం నడిచేవాడు. కంటోన్మెంటు దొరల పెట్టెలు మోసి, చీకటిపడ్డాక నడిచి వచ్చేవాడు. ఈ బిళ్ళ ఉంటేనే ప్లాట్‌ఫారం మీద నిలవనిచ్చేవాళ్ళు. అంటే ఇది మా ఇంటి పొయ్యి వెలిగించిన రేకు.

మరి దాన్ని దాదీ ఎందుకు దాచింది? ఆ సెప్టెంబర్లో చుట్టుపక్కల నుంచి కబుర్లు వస్తున్నాయి. ఉర్దూ రాత కనబడ్డ ప్రతి వస్తువూ భయమే. దాదీకి ఇంగ్లీషు రాదు, ఎన్.ఎస్.ఆర్. ఏమిటో తెలీదు. ఉర్దూ అంకెలు మాత్రం కనిపించాయి. గుడ్డలో చుట్టి పాందాన్ అడుగున పెట్టింది. పోయిందని చెప్పి దాదా ఇంకోటి తెచ్చుకున్నాడట. పాత బిళ్ళ బయటికి రాలేదు. భయం తగ్గాక తీయొచ్చుగదా అంటారేమో. డెబ్బై అయిదేళ్ళు దాటినా దాదీకి తీయాలనిపించలేదు.

ఇక్కడ ఒక మాట. రజాకార్లు చేసింది మేము కప్పిపుచ్చం. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో వరసగా నిలబెట్టి కాల్చారు. అదే నెలలో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని నడివీధిలో చంపారు. ఆయనా మావాడే, మీవాడే. తరవాత జరిగిందీ చెప్పాలి. ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ, పోలీస్ యాక్షన్‌లోనూ దాని వెంటా చచ్చినవాళ్ళు తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేలు అని రాసింది. ఆ రిపోర్టు దశాబ్దాల తరబడి బయటికి రాలేదు. అది కూడా ఏదో పాందాన్ అడుగునే ఉంది.

మూడోది అబ్బాది. ఎర్ర రేకు, వెనక పిన్నీసు. జీడిమెట్ల ఫ్యాక్టరీలో యూనియన్ బిల్లా. రంగు ఊడిపోయి 'కార్మిక' అన్న ముక్కొక్కటే మిగిలింది. దాన్ని పోల్చుకోవడానికి ఎవరికీ కష్టం కాలేదు.

నాలుగోది పచ్చ గుడ్డ పువ్వు, మధ్యలో అట్టముక్క మీద నెలవంక. మీలాద్ జులూస్‌లో మంచినీళ్ళు పోసే వలంటీర్లకి ఇచ్చేది. మా అన్న కుర్రతనంలో పెట్టుకున్నాడు. దాన్ని చూసి దారిలో ఒక పెద్దమనిషి "ఏ దేశం జెండారా అది?" అని అడిగాడట. అన్న జవాబు చెప్పకుండా విప్పి జేబులో వేసుకున్నాడు. దాదీ జేబులోంచి తీసి మిగతా వాటి పక్కన పెట్టేసిందన్నమాట. ఏది దాచాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు.

పాత సరుకు విలువ తెలిసినవాళ్ళకి చూపిద్దామని ఒక గురువారం జుమేరాత్ బజార్ పోయాం. పాత ఇత్తడి అమ్మే ఒకాయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని బిళ్ళని గోటితో గీకి చూశాడు. "రైల్వే హమాలీది. రెండొందలిస్తా" అన్నాడు. గుండీకి యాభై. మేము బేరం ఆడకుండా నిలబడ్డాం. ఆయన గొంతు తగ్గించాడు. "ఇదే రజాకార్ల బిళ్ళ అని చెప్తే రెండు వేలకి కొనేవాళ్ళున్నారు. మీరు మాట్లాడకుండా ఉంటే చాలు, నేను చెప్పుకుంటా."

ఆయనా మా మతం వాడే. కోపం రావాల్సిన చోట మాకు నవ్వొచ్చింది. తరవాత నవ్వు ఆగిపోయింది. మూట మోసినవాడి ధర రెండొందలు. భయపెట్టేవాడి ధర రెండు వేలు. మేము చేయాల్సిందల్లా నోరు మూసుకోవడం! ఆ రెండు వేలతో చిన్నోడి పుస్తకాలొచ్చేవి, ఆ లెక్క మా మనసులో తిరగలేదని చెప్పలేం.

బిళ్ళ వెనక్కి తెచ్చాం. అమ్మీ చింతపండు పెట్టి బర్రున తోమేసింది. పాత సరుకు తెలిసినవాళ్ళు తోమొద్దంటారు, పాతదనం పోతే ధర పోతుందట. పోనీ. నంబరు తేటగా పైకి తేలింది. చిన్నోడు ఉర్దూ చదవలేడు, అమ్మీ వేలు పట్టి అంకెలు ఒక్కొక్కటీ చూపించింది. నాలుగు, ఒకటి, ఏడు.

"ఒక కాయితం రాసి దీనితో పెట్టు" అంది వాడితో. వాడు తెలుగులో రాశాడు: మా ముత్తాత, బొల్లారం స్టేషన్, హమాలీ. అమ్మీ కాయితం తీసుకుని కాసేపు చూసింది. ఆమెకి తెలుగు చదవడం రాదు.

"నంబరు మాత్రం ఉర్దూలో వెయ్యి బేటా" అంది.