అపాచీలు వెళ్ళిపోయిన ఏడు

బోయిసీ నగరంలో మా పక్కింటాయన ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేవారు. నెలకొక వారాంతం మాత్రం ఆయన పంతులుగారు కారు. సైనిక దుస్తులు ధరించి, విమానాశ్రయాన్ని ఆనుకొని ఉన్న గోవెన్ ఫీల్డ్‌కు వెళ్ళి అపాచీ హెలికాప్టరు నడిపేవారు. (ఆ ఒక్క వారాంతంతో చేయి కుదరదట. బడి వదిలాక కొన్ని సాయంత్రాలు కూడా వెళ్ళేవారు.)

"ఒరేయ్, ఈయన బడిపంతులా, సిపాయా?" అని మమ్మల్ని చూడవచ్చిన మా అమ్మ అడిగితే నాకు వెంటనే జవాబు తోచలేదు. నేషనల్ గార్డ్ అంటే మామూలు రోజుల్లో రాష్ట్ర గవర్నరు ఆజ్ఞలో ఉండే సైన్యమనీ, యుద్ధం వస్తే దేశాధ్యక్షుడు పిలిపించుకుంటాడనీ చెప్పాను. "అయితే విత్తనానికి దాచుకున్న గింజలన్నమాట" అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను.

2014లో ఆ గింజల మీదికి లెక్కలు వచ్చాయి. ఖర్చులకు కాంగ్రెసు కళ్ళెం వేసింది. వేగు పనికి వాడే కయొవా వారియర్ హెలికాప్టర్లు ముసలివైపోయాయి, కొత్తవి కొనే సొమ్ము లేదు. కనుక వాటిని విరమింపజేసి, డ్రోన్ల తోడుతో ఆ పని అపాచీలకే అప్పగిస్తామన్నది సైన్యం. అందుకు గార్డ్ దగ్గరున్న 192 అపాచీలూ పూర్తికాల సైన్యానికి రావాలి. బదులుగా గార్డ్‌కు 111 బ్లాక్‌హాక్‌లు ఇస్తారు. బ్లాక్‌హాక్ మనుషులను మోస్తుంది, కార్చిచ్చు మీద నీళ్ళు పోస్తుంది. క్షిపణులు వేసే యంత్రం గవర్నరుకెందుకు? నాకు సబబుగానే తోచింది. కంచె దగ్గర నిలబడి ఆ మాట ఆయనతో అన్నాను కూడా.

ఆయన కోపగించుకోలేదు. "రాష్ట్రానికి మంచిదే. కాని మాలో చాలామంది పూర్తికాల సైన్యంలో ఏళ్ళ తరబడి ఎగిరి, ఇల్లూ పిల్లలూ ఏర్పడ్డాక ఇటు వచ్చినవాళ్ళం. యంత్రాలను పట్టుకుపోతారు సరే, ఆ అనుభవాన్ని ఎలా పట్టుకుపోతారు? పెద్ద యుద్ధమే వస్తే రెండో వరుస ఎక్కడినుంచి తెస్తారు?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

తగవు ముదిరి కాంగ్రెసు ఎనిమిదిమంది సభ్యులతో ఒక కమిషన్ వేసింది. 2016 జనవరిలో వారు మధ్యేమార్గం చెప్పారు: పూర్తికాల సైన్యానికి ఇరవై అపాచీ బెటాలియన్లు, గార్డ్‌కు నాలుగు, ఒక్కొక్కదానిలో 18 హెలికాప్టర్లు. అంటే గార్డ్‌కు మిగిలేవి 72. ఆ నాలుగింటిలో మా ఐడహో లేదు. ఆ ఏడే ఇక్కడి అపాచీలు వెళ్ళిపోయాయి.

బ్లాక్‌హాక్ నేర్చుకోవచ్చునని ఆయనకు చెప్పారట. నలభై ఏడేళ్ళ వయసులో మళ్ళీ శిష్యరికం, బడికి నెలల తరబడి సెలవు. వద్దనుకుని గార్డ్ నుంచి విరమించుకున్నారు. కంచె దగ్గర అంత తేలికగా మాట్లాడినందుకు నాకు చాలాకాలం సిగ్గుగా ఉండేది.

2025 మే నెలలో ఒక వార్త చదివాను. పూర్తికాల సైన్యంలోని ప్రతి హెలికాప్టర్ బ్రిగేడ్‌లోనూ ఒక వైమానిక అశ్విక దళాన్ని తగ్గిస్తారట. కయొవాల స్థానంలో అపాచీలను నింపినది సరిగ్గా ఆ దళాలలోనే. డ్రోన్లకు ప్రాధాన్యం పెరిగిందట. పదేళ్ళయినా గడిచాయో లేదో!

సాయంత్రం ఆయన టమాటా మొక్కలకు నీళ్ళు పెడుతుండగా ఈ సంగతి చెప్పాను. ఏమీ అనలేదు. ఇళ్ళ వెనుకనుంచి రెక్కల చప్పుడు వినవచ్చింది. నేను ఆకాశంలో వెదుకుతుంటే, ఆయన తలెత్తకుండానే "బ్లాక్‌హాక్" అని, గొట్టాన్ని పక్క పాదులోకి మార్చారు.