ఇచ్చివేసిన తూటా

కొన్ని చలనచిత్రాలు వినోదంగా మన జీవితంలో ప్రవేశించి, స్మృతులుగా స్థిరపడిపోతాయి. కథ మరచిపోయినా, మన ప్రక్కన కూర్చుని ఆ చిత్రాన్ని చూచిన మనిషిని మాత్రం మరువలేము. ‘లీథల్ వెపన్’ అనే ఆంగ్ల చిత్రం నాకు అటువంటిది.

అది 1989వ సంవత్సరం డిసెంబరు మాసం. హైదరాబాదులోని ఒక విద్యార్థి వసతిగృహంలో పదిమందిమి తలా కొంత చందా వేసుకొని, వీసీఆరును, కలర్ టీవీని ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకున్నాము. నా గదిలోని మిత్రుడు ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవాడు. నేను తెలుగు మాధ్యమం వాడిని. అమెరికావారి ఆంగ్లం మా ఇద్దరికీ సమానంగా అపరిచితమే. అతని అన్నగారు ఆ వర్షాకాలంలో రోడ్డు ప్రమాదంలో గతించారు. నాటినుండి అతడు తరగతులకు రావడం తగ్గించాడు. మెస్సుకు రావడం దాదాపు మానుకున్నాడు. ఒకే గదిలో ఉంటూ కూడా అతనితో ఏమి మాట్లాడాలో తెలియక, నేను ముఖానికి పుస్తకం అడ్డం పెట్టుకునేవాడిని. ఆ రాత్రి అందరమూ కలిసి అతడిని బలవంతంగా తెచ్చి చాపమీద కూర్చోబెట్టాము.

కథ చాలామంది పాఠకులకు తెలిసినదే. లాస్ ఏంజిలస్ నగరంలో రోజర్ మర్టా అనే నల్లజాతి పోలీసు అధికారి ఉంటాడు. యాభయ్యవ పుట్టినరోజు జరుపుకున్న సంసారి. అతనికి జంటగా మార్టిన్ రిగ్స్ అనే తెల్లజాతి యువకుడిని నియమిస్తారు. కారు ప్రమాదంలో భార్యను పోగొట్టుకొని, సముద్రపుటొడ్డున ట్రైలర్ బండిలో కుక్కతో కాలం గడుపుతున్నవాడు. జీవితంమీద ఆశ వదులుకొని, తనకోసమే ఒక తూటాను ప్రత్యేకంగా దాచుకున్నవాడు.

మేమందరమూ తుపాకులు మ్రోగినప్పుడల్లా ఈలలు వేస్తున్నాము. మర్టా ఆ రిగ్స్‌ను తన ఇంటికి భోజనానికి తీసుకువెళ్ళే ఘట్టం వచ్చింది. నా మిత్రుడు మెల్లగా నావైపు ఒరిగి, “వీడు అతన్ని ఇంటికెందుకు తీసుకుపోతున్నాడు భాయ్?” అని అడిగాడు.

“ఉండు భాయ్, ఇప్పుడు ఫైటింగ్ వస్తుంది,” అన్నాను నేను.

మూడు మాసాలుగా మాట కరవైన మనిషి ఒక్క ప్రశ్న అడిగితే, నేనిచ్చిన సమాధానం అది. తలచుకుంటే నేటికీ సిగ్గు కలుగుతుంది.

బహుశా ఆ తప్పును దిద్దుకోవాలనే కాబోలు, తరువాతి సంవత్సరాలలో ఆ చిత్రాన్ని గురించి ఏ విశేషం తెలిసినా అతనికి చెప్పాలని భద్రపరచుకుంటూ వచ్చాను. వాటిలో కొన్నింటిని పాఠకులతో పంచుకుంటాను.

ఈ చిత్రాన్ని వ్రాసిన షేన్ బ్లాక్ అప్పటికి ఇరవైల ప్రారంభంలో ఉన్న యువకుడు. అంటే మన పట్టభద్రుల ఈడువాడు. కథ క్రిస్మస్ రోజులలో జరుగుతుంది గాని చిత్రం విడుదలైనది 1987 మార్చిలో. ఏబది ఏండ్ల మర్టాగా నటించిన డానీ గ్లోవర్‌కు నిజానికి అప్పటికి నలుబది ఏండ్లే! ఆ పాత్ర ఏ జాతివాడిదో కథారచనలో పేర్కొనలేదు. నటులను ఎంపిక చేసే మారియన్ డగర్టీ అనే మహిళ గ్లోవర్ పేరు సూచించినప్పుడు, దర్శకుడు రిచర్డ్ డోనర్‌కు ఆ పాత్రను నల్లజాతి నటుడు ధరించవచ్చునన్న ఊహే అంతవరకూ రాలేదట. తన తలపుకు తానే నొచ్చుకొని, ఆయన ఆ సూచనను ఆమోదించాడు. అదే 1987లో గ్లోవర్ ఒక టెలివిజన్ చిత్రంలో నెల్సన్ మండేలాగా నటించాడు. 1989లో వచ్చిన రెండవ భాగంలోనైతే దుష్టపాత్రలు వర్ణవివక్షను పాటించే దక్షిణాఫ్రికా దౌత్యాధికారులే.

సంగీతంలో కూడ ఒక చమత్కారం ఉంది. మైకేల్ కేమెన్ బృందంలో ఎరిక్ క్లాప్టన్ గిటారు రిగ్స్ మనస్సును పలికిస్తే, డేవిడ్ శాన్‌బోర్న్ శాక్సఫోను మర్టా మనస్సును పలికిస్తుంది. రెండు వాద్యాలు వేరువేరుగా మొదలై, క్రమంగా ఒకదానికొకటి బదులు చెప్పుకుంటాయి. ఈ చిత్రం శబ్దగ్రహణానికి ఆస్కారు ప్రతిపాదన పొందింది గాని, బహుమతి ‘ది లాస్ట్ ఎంపరర్’కు దక్కింది.

మేము ఈలలు వేసిన సాహసాల వెనుక ఒక విషాదం కూడ ఉన్నది. ఆ సాహసాలలో పాలుపంచుకున్న ప్రఖ్యాత స్టంట్ కళాకారుడు డార్ రాబిన్సన్ 1986 నవంబరులో మరొక చిత్రం చిత్రీకరణలో ప్రాణాలు కోల్పోయాడు. ‘లీథల్ వెపన్’ను ఆయన స్మృతికే అంకితం చేశారు.

ఇక ఆ రాత్రి సంగతి. చిత్రం చివర, క్రిస్మస్ నాడు, రిగ్స్ మర్టా గడపముందుకు వస్తాడు. తాను దాచుకున్న ఆ తూటాకు రిబ్బను కట్టి, “ఇది మీ నాన్నకు కానుక, నాకిక దీనితో పనిలేదు” అన్న భావంతో మర్టా కుమార్తె చేతికిస్తాడు. అప్పటికి మా వాళ్ళలో సగంమంది నిద్రపోయారు. నా మిత్రుడు మాత్రం నిటారుగా కూర్చుని చూస్తున్నాడు. అప్పుడుగాని అతని ప్రశ్న నాకు అర్థం కాలేదు.

ఆ సంక్రాంతి సెలవులకు అతడిని మా ఊరికి తీసుకువెళ్ళాను. మా అమ్మ అతని దుఃఖాన్ని గురించి ఒక్క మాటైనా అడగలేదు. “ఇంకొంచెం పెట్టుకో నాయనా” అన్నదంతే. మొదటి రెండు రోజులూ ముద్ద మింగడానికే కష్టపడ్డాడు. మూడవనాడు తానే అడిగి మజ్జిగ పోయించుకున్నాడు. ఆ రాత్రి అరుగుమీద పడుకొని, తెల్లవారేవరకు అన్నగారిని గురించి చెబుతూనే ఉన్నాడు. నేను విన్నాను. ఈసారి అడ్డం పెట్టుకోవడానికి చేతిలో పుస్తకం లేదు.

2021 జూలైలో డోనర్ మరణించినప్పుడు అతనికి ఫోను చేసి, నేను పోగుచేసిన విశేషాలన్నీ ఏకరువు పెట్టాను. అంతా ఓపికగా విని, “అవన్నీ సరే భాయ్, అమ్మ పోసిన మజ్జిగ సంగతి చెప్పనే లేదు,” అన్నాడు.

విద్యార్థి మిత్రులారా! మీ గదిలో కూడ మాట తగ్గిన మిత్రుడు ఒకడు ఉండవచ్చు. ఏమి చెప్పాలో తెలియకపోతే ఫరవాలేదు. భోజనానికి పిలవండి.